స్లాబులు లేస్తే చాలదు, లెక్క తేలాలి

హైదరాబాద్‌లో ఏ వైపు చూసినా టవర్ క్రేన్లే. మొన్నటిదాకా ముళ్లకంపలు మొలిచిన జాగాలో నలభై, యాభై అంతస్తుల నివాస భవనం లేస్తుంటే దారిన పోయేవారు తలెత్తి చూస్తారు. అందులో ఫ్లాటు కొన్నవారు మాత్రం స్లాబులు లెక్కపెట్టుకుంటారు. బిల్డర్ పంపే డ్రోన్ వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. పదిహేనో స్లాబు పడిందన్న కబురు ఊళ్లో అమ్మానాన్నలకు, అమెరికాలో తమ్ముడికి అదే రోజు చేరిపోతుంది. మధ్యతరగతి కుటుంబం జీవితంలో పెట్టే అతి పెద్ద ఖర్చు ఇల్లే కాబట్టి ఆ ఆత్రుతను తప్పుపట్టలేం. అయితే బయటికి కనిపించే ఎత్తునే నిర్మాణ పురోగతి అనుకోవడం చాలా ప్రమాదం. భవనం ఏ దశలో ఉంది, ఆ దశను ఎవరు పరీక్షించారు, కొనుగోలుదారు కట్టిన డబ్బులో ఎంత ఆ భవనంలోకి వెళ్లింది, ఇంకా ఏ అనుమతులు రావాలి అన్న నాలుగు విషయాలు తెలిస్తేనే పురోగతి తెలిసినట్టు. ఈ నాలుగూ బిల్డర్ దయతలిచి చెప్పే సమాచారంగా మిగలకూడదు. ఎత్తైన నివాస భవనం పురోగతి బహిరంగ సమాచారం కావాలి. సంతకం పెట్టిన ఇంజినీరు పేరుతో, సామాన్యుడు చదువుకోగల భాషలో, అడగకుండానే అందుబాటులో ఉండాలి.

ఈ అవసరం హైదరాబాద్‌లో మిగతా నగరాలకంటే ఎక్కువ. స్థలంతో పోలిస్తే ఎంత విస్తీర్ణం కట్టవచ్చో చెప్పే ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని 2006 నాటి భవన నిబంధనలు ఇక్కడ తొలగించాయి. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్, అగ్నిమాపక, విమానాశ్రయ అనుమతులు సరిపోతే భవనం ఎంత ఎత్తుకైనా వెళ్లవచ్చు. 2023 ఆగస్టులో హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) వేసిన వేలంలో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం అత్యధికంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. అంత పెట్టి నేల కొన్నవారు పైకి కట్టక తప్పదు. ఎంత పైకి కడితే అంత కాలం పడుతుంది. ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ఏడాదిన్నర, రెండేళ్లలో తేలిపోతుంది. ఆకాశహర్మ్యానికి నాలుగైదేళ్లు మామూలు విషయం. ఆ కాలమంతా కొనుగోలుదారు ఒక చేత్తో ఇంటి అద్దె, మరో చేత్తో బ్యాంకు వాయిదా కడుతూనే ఉంటాడు. ఈలోగా మార్కెట్ పడిపోవచ్చు, వడ్డీ పెరగవచ్చు, బిల్డర్ మరోచోట భూమి కొని ఇరుక్కుపోవచ్చు. ఇన్నేళ్ల ఎదురుచూపులో కొనుగోలుదారు చేతిలో ఉన్న ఆధారం సమాచారం ఒక్కటే. అది కూడా బిల్డర్ మార్కెటింగ్ విభాగం నుంచి వస్తే దాన్ని ఆధారం అనలేం.

అసలు ఒక టవర్ నిర్మాణం ఎలా సాగుతుందో చూస్తే ఎత్తు ఎందుకు మోసం చేస్తుందో అర్థమవుతుంది. ముందు మూడు, నాలుగు అంతస్తుల లోతున సెల్లార్ తవ్వాలి. హైదరాబాద్ నేలలో రాయి తగిలితే పగలగొట్టాలి. చుట్టూ మట్టి జారకుండా రక్షణ గోడ కట్టాలి. ఆపైన ర్యాఫ్ట్ పునాది, తర్వాత కాలమ్‌లు, షియర్ గోడలు. బయటివారికి ఏమీ కనిపించని ఈ దశలోనే ఏడాది గడిచిపోవచ్చు. భవనం జాతకమంతా ఇక్కడే రాసి ఉంటుంది. నేల పైకి వచ్చాక వేగం పెరుగుతుంది. ఇప్పుడు చాలాచోట్ల వాడుతున్న మైవాన్ అల్యూమినియం షట్టరింగ్‌లో గోడలు, స్లాబు ఒకేసారి పోస్తారు కాబట్టి వారం పది రోజులకో అంతస్తు లేస్తుంది. అక్కడి నుంచి కొనుగోలుదారుకు అంతా అయిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి చివరి స్లాబు పడ్డాక కరెంటు, పైపులైన్లు, కిటికీలు, టైల్స్, పుట్టీ, లిఫ్టులు, మంటలార్పే వ్యవస్థ, మురుగునీటి శుద్ధి ప్లాంటు, ట్రాన్స్‌ఫార్మర్లు, తాగునీటి కనెక్షన్ మిగిలే ఉంటాయి. ఆ తర్వాత ఓసీ, అంటే నివాసయోగ్య పత్రం రావాలి. పూర్తి ఎత్తుకు లేచి ఏళ్ల తరబడి బూడిదరంగు అస్థిపంజరంలా నిలిచిపోయిన భవనాలను దేశంలో చాలా నగరాలు చూశాయి. వాటిని ఆపింది నిర్మాణ సాంకేతిక లోపం కాదు. డబ్బు అయిపోవడమో, అనుమతి అందకపోవడమో కారణం. ఆ రెండూ ఏ డ్రోన్ వీడియోలోనూ కనిపించవు.

చెల్లింపుల పట్టికను దగ్గరగా చూస్తే ఇంకో చిక్కు బయటపడుతుంది. బుకింగ్‌కు ఇంత, ఒప్పందానికి ఇంత, పునాదికి ఇంత, ఆపైన ఐదో స్లాబుకు, పదో స్లాబుకు, ఇరవయ్యో స్లాబుకు ఇంతింత అని చాలా ఒప్పందాల్లో వరుసగా రాసి ఉంటుంది. బ్యాంకు కూడా స్లాబు ఫొటో, డిమాండు లెటర్ చూసి వాయిదా విడుదల చేస్తుంది. చివరి స్లాబు నాటికి ధరలో సింహభాగం చెల్లిపోయి ఉంటుంది. ఇంటిని ఇల్లుగా మార్చే పనులకు మాత్రం చివరన కొద్దిపాటి మొత్తమే మిగులుతుంది. ఈ ఏర్పాటు బిల్డర్‌ను స్లాబుల పందేనికి పురిగొల్పుతుంది. కాంక్రీటుకు మన తొందర తెలియదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల వరకు ఉన్న స్లాబు కింద ఆసరా కర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. ఎండ, పొడిగాలి ఉన్నప్పుడు కనీసం 10 రోజులు తడి ఆరకుండా క్యూరింగ్ చేయాలి. స్లాబు పోసిన రోజే అదే కాంక్రీటును 15 సెంటీమీటర్ల ఇనుప అచ్చుల్లో నింపి, నీళ్లలో ఉంచి, 28వ రోజున యంత్రంలో నలిపి బలం చూడాలి. భవనం బలాన్ని చెప్పే సాక్ష్యాల్లో ముఖ్యమైంది ఆ చిన్న దిమ్మె. స్లాబు అందరికీ కనిపిస్తుంది, దానికోసం అందరూ డబ్బు కడతారు. దిమ్మె పరీక్ష ఫలితం మాత్రం సైట్ ఆఫీసు ఫైలు దాటి బయటికి రాదు. వాయిదా కట్టేవారికి ఈ రెండింటిలో ఏది ముఖ్యమో వేరే చెప్పాలా?

చట్టం ఈ విషయాన్ని గుర్తించలేదని అనలేం. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం, మనం రెరా అని పిలుచుకునేది, నిజంగా కొనుగోలుదారు వైపు నిలబడి రాసిన చట్టం. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటిన ప్రాజెక్టును నమోదు చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, అమ్మకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేసి, భూమికి, నిర్మాణానికి మాత్రమే వాడాలి. అందులోంచి డబ్బు తీయాలంటే పని ఎంత శాతం పూర్తయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ ధ్రువీకరించాలి. ఎన్ని ఫ్లాట్లు బుక్కయ్యాయి, ఏ అనుమతులు వచ్చాయి, ఏవి రావాలి, ప్రాజెక్టు ఏ స్థితిలో ఉంది అన్నది మూడు నెలలకోసారి రెరా వెబ్‌సైట్‌లో పెట్టాలి. దశలవారీ గడువుల పట్టిక అడిగి తీసుకునే హక్కు కొన్నవారికి ఉంది. గడువు దాటితే వడ్డీతో సహా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా ఇల్లు చేతికొచ్చేదాకా నెలనెలా వడ్డీ అడగవచ్చు. కట్టడంలో లోపం బయటపడితే ఐదేళ్లపాటు బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

కావాల్సింది ఆచరణ. ధ్రువపత్రంపై సంతకం పెట్టే ఇంజినీరును, ఆర్కిటెక్టును, చార్టర్డ్ అకౌంటెంటును నియమించుకునేది బిల్డరే. ఆ ముగ్గురి సంతకాలపైనే కోట్ల రూపాయలు ఖాతాలోంచి బయటికి వెళతాయి. వారు చెప్పిన శాతం నిజమా కాదా అని సైట్‌కు వెళ్లి సరిచూసే మూడో మనిషి మామూలుగా ఉండడు. త్రైమాసిక వివరాలు ఇవ్వకపోతే ఏమవుతుందన్న భయం లేకపోతే అవి మొక్కుబడి తంతుగా మిగిలిపోతాయి. ఈ విషయంలో మహారాష్ట్ర రెరా చేసిన పని చూడదగినది. 2023 జనవరిలో నమోదై త్రైమాసిక వివరాలు ఇవ్వని 388 ప్రాజెక్టుల నమోదును ఆ ఏడాది సెప్టెంబరులో నిలిపివేసింది. వాటి బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసింది, ఆ ఫ్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపించింది. అదే ఏడాది ఆగస్టు నుంచి ప్రతి ప్రకటనలో క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేసింది. ఫోన్ చూపిస్తే చాలు, ప్రాజెక్టు వివరాలన్నీ తెరుచుకుంటాయి. చట్టం దేశమంతటికీ ఒకటే. అమలు చేయాలన్న పట్టుదలే రాష్ట్రానికో తీరుగా ఉంది.

సమాచారం దాచితే ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి నోయిడా జంట భవనాల కథ చాలు. సెక్టార్ 93ఏలోని ఎమరాల్డ్ కోర్ట్‌లో అప్పటికే కాపురముంటున్నవారికి తోటలు ఉండాల్సిన చోట అపెక్స్, సెయాన్ అనే రెండు టవర్లు లేవడం కనిపించింది. మంజూరైన ప్లాన్ చూపించమని నివాసుల సంఘం నోయిడా అథారిటీని అడిగింది. ప్రభుత్వ సంస్థ అయిన అథారిటీ ఆ విజ్ఞప్తిని నిర్మాణ సంస్థ ముందు పెట్టి, ఆ సంస్థ వద్దన్నాక ప్లాన్ ఇవ్వడానికి నిరాకరించింది. నివాసులు కోర్టుకెక్కారు. 2014 ఏప్రిల్‌లో అలహాబాద్ హైకోర్టు కూల్చివేతకు ఆదేశించింది. 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. భవనాల మధ్య ఉండాల్సిన కనీస దూరం పాటించలేదని, అధికారులు నిర్మాణ సంస్థతో కుమ్మక్కయ్యారని తేల్చి చెప్పింది. 2022 ఆగస్టు 28న 32, 29 అంతస్తుల ఆ రెండు భవనాలను 3,700 కిలోల పేలుడు పదార్థంతో సెకన్లలో నేలమట్టం చేశారు. ఆ ప్లాన్ మొదటిరోజే గేటు దగ్గర అందరికీ కనిపించేలా ఉండి ఉంటే? తగాదా పునాదుల దశలోనే తేలిపోయేది. ఇంత ఇనుము, ఇంత సిమెంటు, ఇన్నేళ్ల పోరాటం వృథా అయ్యేవి కావు. ఈ ఉదంతంలో తప్పును మొదట పట్టుకున్నది పక్క భవనంలో కాపురముంటున్న మామూలు మనుషులు. చట్టప్రకారం కాపలా కాయాల్సిన అథారిటీ కాపలా కాయలేదు.

ఇది మన దేశపు జబ్బే అనుకోవద్దు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున 2009లో తెరుచుకున్న 58 అంతస్తుల మిలీనియం టవర్ సంపన్నుల నివాసం. దాని పునాది స్తంభాలు అడుగున ఉన్న గట్టి రాతిదాకా వెళ్లలేదు, దట్టమైన ఇసుక పొరలోనే ఆగాయి. అనుకున్నదానికంటే ఎక్కువ కుంగుతోందేమిటని నగర భవన తనిఖీ శాఖ 2009 ఫిబ్రవరిలోనే ఇంజినీర్లను లేఖ రాసి అడిగింది. ఇళ్లు కొన్నవారికి, నగర ప్రజలకు ఆ సంగతి తెలిసింది 2016లో. అప్పటికి భవనం దాదాపు 16 అంగుళాలు కుంగి, ఒక పక్కకు ఒరిగింది. ఆ తర్వాత ఏళ్లపాటు వ్యాజ్యాలు నడిచాయి, రాతిదాకా కొత్త స్తంభాలు దింపే మరమ్మతు 2023కు గానీ ముగియలేదు. అక్కడ ఇంజినీర్లకు చదువు తక్కువ కాదు, నగరపాలనకు డబ్బు తక్కువ కాదు. కుంగుబాటు అంకెలు కొద్దిమంది ఫైళ్లలోనే ఏడేళ్లు ఉండిపోవడమే అసలు లోపం. ఆ అంకెలు తెలిసి ఉంటే అక్కడ ఇల్లు కొనాలా వద్దా అని ప్రతి కుటుంబం తనకు తాను నిర్ణయించుకునేది.

ప్రభుత్వమే కట్టినా సమస్య తప్పదని అమరావతి చెబుతోంది. 2018 చివర్లో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) హ్యాపీనెస్ట్ పేరుతో 1,200 ఫ్లాట్లకు ఆన్‌లైన్‌లో బుకింగ్ తెరిస్తే జనం ఎగబడి డబ్బు కట్టారు. 2019లో ప్రభుత్వం మారాక రాజధాని పనులన్నిటితోపాటు అదీ ఆగిపోయింది. శాసనసభ్యులు, అధికారుల కోసం లేపిన నివాస టవర్లు సగంలో నిలిచిపోయి ఐదేళ్లు ఎండకు ఎండి వానకు తడిశాయి. 2024లో మళ్లీ పనులు మొదలుపెట్టాలనుకున్నప్పుడు ఆ కట్టడాలు ఇంకా పనికొస్తాయా అని ఐఐటీ నిపుణులను పిలిపించి పరీక్ష చేయించాల్సి వచ్చింది. రాజకీయ కారణాల మంచిచెడ్డలు ఎలా ఉన్నా ఒక్క సంగతి స్పష్టం. నిర్మాణం ఆగిన రోజు ఏ దశలో ఆగింది, ఏ ఇనుము బయట ఉంది, ఏ పునాదిలో నీరు నిలుస్తోంది అన్న లెక్క ప్రజల ముందు ఉండి ఉంటే ఆ భవనాలను కాపాడమని అడిగే గొంతులు మరిన్ని లేచేవి.

ఇంతవరకు డబ్బు గురించి, ఇళ్ల గురించి మాట్లాడుకున్నాం. ప్రాణాల గురించీ మాట్లాడాలి. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల నివాస భవనం కుప్పకూలి 61 మంది చనిపోయారు. బతుకుతెరువు కోసం విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వెళ్లిన కూలీలు వారిలో ఎందరో ఉన్నారు. 2016 డిసెంబరులో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో నిర్మాణంలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలినప్పుడూ ఉత్తరాంధ్ర వలస కుటుంబాలు బలయ్యాయి. 2024 మే 7న బాచుపల్లిలో ఒక అపార్ట్‌మెంటు నిర్మాణ స్థలంలో వానకు గోడ కూలి, దాని పక్కన షెడ్లలో ఉంటున్న ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కూలీ కుటుంబాల్లో ఏడుగురు చనిపోయారు. వారిలో ఒక చిన్నారి కూడా ఉంది. టవర్ ఎంత లేచిందో చూసే మనం దాన్ని లేపుతున్నవారు ఎక్కడ పడుకుంటున్నారో చూడం. ఫలానా తేదీకి పదో స్లాబు పడాలన్న ఒత్తిడి మొదట పడేది సెంట్రింగ్ కార్మికుడి మీద, రాడ్ బెండర్ మీద. అందుకే నిర్మాణ పురోగతి కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య ప్రైవేటు వ్యవహారం కాదని గట్టిగా అనాల్సి వస్తోంది. రక్షణ గోడ ఎవరు డిజైన్ చేశారో, సైట్‌లో ప్రమాదాలు ఎన్ని జరిగాయో, కూలీల వసతి ఎక్కడో కూడా పురోగతి నివేదికలో భాగం కావాలి.

పురోగతిని ఇలా బహిరంగం చేయడానికి అభ్యంతరాలు ఉన్నాయి. వాటిలో బలమైనవీ ఉన్నాయి. ఇది ప్రైవేటు వ్యాపారం, లోపలి లెక్కలు బయటపెడితే పోటీదారులకు లాభమని నిర్మాణ సంస్థలు అంటాయి. సిమెంటు ఏ ధరకు కొన్నారో, కాంట్రాక్టరుకు ఎంత ఇచ్చారో చెప్పమని ఎవరూ అడగడం లేదు. పని దశ, పరీక్ష ఫలితం, అనుమతుల స్థితి వ్యాపార రహస్యాలు కావు. పైగా ఇప్పటికే ఒక చట్టం ఈ సూత్రాన్ని ఒప్పుకుంది. 20,000 చదరపు మీటర్లకు మించిన నిర్మాణాలకు 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ కింద అనుమతి తప్పనిసరి. దాని షరతుల అమలుపై ఆరు నెలలకోసారి ఇచ్చే నివేదిక ప్రజాపత్రమని, ఎవరు దరఖాస్తు చేసినా ప్రతి ఇవ్వాలని ఆ నోటిఫికేషనే చెబుతోంది. దుమ్ము, నీరు, చెట్ల గురించి తెలుసుకునే హక్కు ఉన్నప్పుడు కాంక్రీటు బలం గురించి తెలుసుకునే హక్కు ఎందుకు ఉండకూడదు? వేరొకరి డబ్బుతో, వేరొకరు కాపురముండబోయే కట్టడాన్ని లేపుతున్నవారికి గోప్యత ఆ మేరకు తగ్గక తప్పదు.

రెండో అభ్యంతరం, సామాన్యులకు ఇంజినీరింగ్ అర్థం కాదు, ఒక చిన్న అంకె చూసి కంగారుపడతారు, సమాచార హక్కును అడ్డంపెట్టుకుని బెదిరించి డబ్బు గుంజేవారు తయారవుతారు అన్నది. బెదిరింపుల బెడద నిజమే, నిజాయితీగా కట్టే బిల్డర్లు కూడా దాన్ని ఎదుర్కొంటున్నారు. అయితే బెదిరించేవాడి చేతిలో ఉన్న ఆయుధం రహస్యమే. అందరికీ ముందే తెలిసిన విషయాన్ని బయటపెడతానని ఎవరూ ఎవరినీ బెదిరించలేరు. ఇక అర్థం కావడం గురించి చెప్పాలంటే, రక్తపరీక్ష నివేదికలో మన అంకె పక్కన ఉండాల్సిన హద్దు కూడా అచ్చువేసి ఇస్తారు కాబట్టి డాక్టరు కానివారూ దాన్ని చదువుకుంటున్నారు. ఇక్కడా అలాగే డిజైన్ కోరిన బలం ఎంత, పరీక్షలో వచ్చింది ఎంత, ఈ దశ ఎప్పటికి కావాలి, ఎప్పటికి అయింది అని పక్కపక్కన రాస్తే ఎవరికైనా తెలుస్తుంది. అర్థం కానివారు తెలిసిన ఇంజినీరుకు చూపించుకుంటారు. మన తెలుగునేల మీద ప్రతి వాడలో ఒక సివిల్ ఇంజినీరు ఉన్నాడు. సమాచారం లేనప్పుడు పుట్టే పుకారే అన్నిటికంటే పెద్ద కంగారు.

మూడో అభ్యంతరం ఖర్చు. తనిఖీలు పెరిగితే జాప్యం పెరుగుతుందని, ఆ భారం చివరికి కొనుగోలుదారు మీదే పడుతుందని వాదన. అధికారులు గుమ్మం గుమ్మానికీ ఆపే పాత పద్ధతి తనిఖీలైతే ఈ భయం సబబే. ఇక్కడ అడుగుతున్నది వేరు. దిమ్మె పరీక్షలు, కొలతలు, ధ్రువపత్రాలు ఏవీ కొత్తవి కావు. పద్ధతిగా కట్టే ఏ సైట్‌లోనైనా ఇప్పటికే జరుగుతున్నవే. వాటిని ఫైలులోంచి తీసి బహిరంగంగా పెట్టడానికి పెద్దగా ఖర్చవదు. ఇంకొందరు, ఇంత చట్టం ఉన్నా జనమే తక్కువ ధరకు ఆశపడి నమోదు కాని ప్రీలాంచ్‌లలో, విభజించని భూమి వాటా పేరుతో డబ్బు పోసి మోసపోతున్నారని అంటారు. అది నిజం. హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీలాంచ్ బాధితులు రోడ్డెక్కిన దృశ్యాలు మనం చూశాం. కానీ జనం అలా ఎగబడడానికి ఒక కారణం ఉంది. నమోదైన ప్రాజెక్టుకూ, నమోదు కాని దానికీ రోజువారీ అనుభవంలో తేడా కనిపించకపోతే ధరే తేడాగా మిగులుతుంది. నమోదైన ప్రాజెక్టులో ప్రతి దశా కళ్లకు కట్టినట్టు తెలుస్తుందన్న నమ్మకం కుదిరితే, ఏమీ చూపించనివాడి దగ్గరికి వెళ్లడానికి జనం వెనకాడతారు. నిజాయితీగల బిల్డర్‌కు అంతకంటే మంచి ప్రచారం ఉండదు.

అందువల్ల రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు, రెరా సంస్థలు కొన్ని పనులు వెంటనే చేయాలి. ప్రతి ఎత్తైన నివాస భవనం గేటు దగ్గర తెలుగులో పెద్ద బోర్డు పెట్టించాలి. మంజూరైన ప్లాన్, దశలవారీ గడువు, ఇప్పుడున్న దశ, స్ట్రక్చరల్ ఇంజినీరు పేరు, క్యూఆర్ కోడ్ దానిపై ఉండాలి. శాతాలతో గారడీ చేయవచ్చు కాబట్టి త్రైమాసిక నివేదికను దశల పేర్లతో, పరీక్ష ఫలితాలతో, తేదీ వేసిన ఫొటోలతో ఇవ్వాలి. పునాది, సగం ఎత్తు, చివరి స్లాబు, ఓసీకి ముందు అనే నాలుగు ఘట్టాల్లో బిల్డర్ నియమించని ఇంజినీరు వెళ్లి చూడాలి. రెరా తయారుచేసిన జాబితాలోంచి లాటరీ తీసి వారిని ఎంచితే మొహమాటాలకు చోటుండదు. విచారణకు ఆదేశించే అధికారం చట్టం రెరాకు ఇప్పటికే ఇచ్చింది. వివరాలు ఇవ్వని ప్రాజెక్టులో కొత్త రిజిస్ట్రేషన్లు ఆపాలి. అన్నిటికంటే ముఖ్యం, చెల్లింపుల పట్టికను మార్చాలి. స్లాబులకు వాటా తగ్గించి, లోపలి పనులకు, ఓసీకి చెప్పుకోదగిన మొత్తం మిగల్చాలి. ఓసీ ఇచ్చేదాకా నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీ తనఖా పెట్టుకుంటోంది కదా. తనకు తాను ఆ భద్రత చూసుకున్న ప్రభుత్వం, డబ్బంతా పెడుతున్న కుటుంబానికీ అలాంటి భద్రతే కల్పించాలి.

కొనేవారు చేయాల్సిందీ ఉంది. డ్రోన్ వీడియో చూసి ఆగిపోకండి. రెరా నంబరు వేసి త్రైమాసిక నివేదిక తెరవండి. దశలవారీ గడువుల పట్టికను రాతపూర్వకంగా అడగండి. అది మీ హక్కు. తర్వాతి వాయిదా కట్టేముందు ఆ దశ పరీక్ష ఫలితాన్ని కొనుగోలుదారులంతా కలిసి అడగండి. ఒక్కరు అడిగితే సైట్ ఆఫీసులో కుర్చీ వేసి టీ ఇచ్చి పంపిస్తారు, రెండువందల మంది ఒకే కాగితం మీద సంతకం పెట్టి అడిగితే జవాబిస్తారు. మంజూరైన ప్లాన్ మార్చాలంటే మూడింట రెండొంతుల మంది కొనుగోలుదారుల అంగీకారం కావాలని చట్టం చెబుతోంది, ఆ బలాన్ని వాడుకోండి. పక్కన కాపురముంటున్నవారు కూడా సెల్లార్ తవ్వకం, రక్షణ గోడ గురించి అడగడానికి జంకకూడదు. నోయిడాలో అడిగినవారు అలాంటి ఇరుగుపొరుగువారే. కట్టేవారు చెప్పే మాటకు, కట్టిన పనికి మధ్య తేడా ఉందో లేదో తెలుసుకునేందుకు సరైన సమయం భవనం లేస్తున్నప్పుడే. గృహప్రవేశం అయ్యాక అడిగే ప్రశ్నలకు కోర్టులే జవాబు చెప్పాలి, అందుకు ఏళ్లు పడుతుంది.